పుస్తకాలమ్మిన పురోహితుడు జాన్ వెస్లీ

సికింద్రాబాదు వీధుల్లో తిరిగినవారికి వెస్లీ అన్న పేరు కొత్త కాదు. ఒక కళాశాలకు, ఒక బాలికల పాఠశాలకు, ఒక ప్రార్థనామందిరానికి ఆ పేరు కనిపిస్తుంది. మెదక్ పట్టణానికి వెళ్లినవారు 1924లో ప్రారంభమైన అక్కడి పెద్ద చర్చిని చూసే ఉంటారు. దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ వెస్లీ సంప్రదాయానికి చెందిన మెథడిస్టు మతప్రచారకుడే. అయినా, ఈ వెస్లీ ఎవరు, ఆయన ఏమి చేశారు అని అడిగితే మనలో చాలామంది మౌనం వహిస్తాము. ఆయన 18వ శతాబ్దపు ఇంగ్లండు దేశస్థుడు. భారతదేశాన్ని ఎన్నడూ చూడలేదు. ఆయన గతించిన చాలాకాలానికి, 19వ శతాబ్దం చివరిపాదంలో, ఆయన అనుయాయులు సికింద్రాబాదులో తమ మిషనును నెలకొల్పారు.

పాఠక మహాశయులారా! ఆయన మతసిద్ధాంతాన్ని మీకు బోధించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ జీవితంలో మనకూ సంబంధించిన ఒక ధర్మసందేహం ఉన్నది. మీ పూజామందిరంలో ఒక స్తోత్రపుస్తకం ఉంటుంది. దాని వెనుక అట్టమీద ఒక వెల అచ్చువేసి ఉంటుంది. భగవన్నామానికి వెల కట్టవచ్చునా? జీతం పుచ్చుకొని వేదం చెప్పడాన్ని మన ధర్మశాస్త్రాలు భృతకాధ్యాపనమని పేర్కొని నిందించాయి. కానీ కాగితానికి, సిరాకు, కూలికి డబ్బు కావాలి. వెల లేనిదే పుస్తకం లేదు, పుస్తకం లేనిదే బీదవాని ఇంట అక్షరం లేదు. ఈ చిక్కుముడిని ఒక మతాచార్యుడు దాదాపు అరవై ఏళ్లపాటు తన చేతులతో విప్పుతూ వచ్చారు. ఆయనే జాన్ వెస్లీ.

అగ్నిలోనుంచి దక్కిన బిడ్డ

ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో ఎప్‌వర్త్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి చర్చి ఆచార్యుడు శామ్యూల్ వెస్లీ. ఆయన సహధర్మచారిణి సుసన్నా. ఆమె పందొమ్మిదిమంది బిడ్డలను కన్నది. వారిలో సుమారు సగంమంది మాత్రమే బతికి బట్టకట్టారు. 1703 జూన్‌లో జన్మించిన జాన్ ఆమెకు పదిహేనవ సంతానం.

ఆ ఇల్లు విద్యకు పుట్టిల్లు, పేదరికానికి మెట్టినిల్లు. శామ్యూల్ పండితుడే గాని ఋణాలు తీర్చలేక 1705లో లింకన్ కోటలోని చెరసాలలో కొంతకాలం గడిపారు. బిడ్డల చదువు సుసన్నా చేతిలోనే సాగింది. బిడ్డకు ఐదేళ్లు నిండిన మరునాడు అక్షరాభ్యాసం. ఆ ఒక్క రోజులోనే అక్షరమాల రావాలి. తరువాత పవిత్రగ్రంథంలోని మొదటి అధ్యాయంతోనే చదవడం మొదలు. అంతమంది బిడ్డలలోనూ ఒక్కొక్కరిని వారానికొక సాయంత్రం విడిగా కూర్చోబెట్టుకొని మాట్లాడేది ఆ తల్లి. జాన్‌కు గురువారం వచ్చేది. పెద్దవాడైన తరువాత కూడా ఆ గురువారాలను ఆయన మరచిపోలేదు.

1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు అంటుకొన్నది. అందరూ బయటపడ్డారు గాని పై అంతస్తులో నిద్రిస్తున్న ఐదేళ్ల జాన్ ఉండిపోయాడు. మెట్లు కాలిపోయాయి. బిడ్డ కిటికీ దగ్గర నిలబడగా, కింద ఒక మనిషి భుజాలపై మరొకడు ఎక్కి వానిని దించాడు. మరుక్షణమే పైకప్పు కూలింది. తండ్రి పుస్తకాలు, రాతప్రతులు బూడిదయ్యాయి, బిడ్డ మాత్రం దక్కాడు. దేవుడు ఈ బిడ్డను ఏదో పనికే మిగిల్చాడని తల్లి నమ్మింది. ఆ నమ్మకమే ఆయనకు జీవితాంతం దీక్ష అయినది.

ఇరవైఎనిమిది పౌన్ల నియమం

1714లో లండన్‌లోని చార్టర్‌హౌస్ పాఠశాలలోను, 1720లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోను జాన్ చేరారు. 1725లో మతాచార్య దీక్షలో తొలిమెట్టును, 1728లో పూర్ణదీక్షను స్వీకరించారు. మధ్యలో 1726లో లింకన్ కళాశాలకు ఫెలోగా ఎన్నికయ్యారు. ఆయన తమ్ముడు చార్లెస్ కూడా అక్కడే చదివేవారు. 1729 ప్రాంతంలో అన్నదమ్ములు, కొందరు మిత్రులు ఒక చిన్న కూటమిగా ఏర్పడ్డారు. వేళకు ప్రార్థన, వేళకు అధ్యయనం, ఉపవాసం, చెరసాలలోని ఖైదీల పరామర్శ వారి దినచర్య. ప్రతిదానికీ ఒక పద్ధతి పెట్టుకొన్నందుకు తోటివిద్యార్థులు వారిని పద్ధతిగాళ్లని ఎగతాళి చేశారు. మెథడిస్టు అనే మాట అలా పుట్టినదే. వెక్కిరింపుగా వచ్చిన పేరును వారు బిరుదుగా ధరించారు.

ఆ రోజుల్లోనే ఆయన ధనం విషయంలో ఒక నియమం పెట్టుకొన్నారు. ఏడాదికి 30 పౌన్ల రాబడి ఉన్నప్పుడు 28 పౌన్లతో జీవించి రెండు పౌన్లు దానం చేశారు. మరుసటి ఏడు 60 పౌన్లు వచ్చాయి. ఖర్చు 28 పౌన్లే, దానం 32. మూడవ ఏడు 90 వస్తే 62 దానం. నాలుగవ ఏడు 120 వస్తే 92 దానం. ఈ సంగతిని ఆయన తరువాత ఒక ప్రసంగంలో తన పేరు చెప్పక, ఎవరో ఒక యువకుని కథగా వినిపించారు. రాబడి పెరిగితే అనుభవం పెరగాలని మనం అనుకొంటాము. రాబడి పెరిగితే దానం పెరగాలని ఆయన అనుకొన్నారు. ఈ 28 పౌన్ల నియమాన్ని మీరు గుర్తుంచుకోండి. ముందుముందు పుస్తకాల డబ్బు వరదలా వచ్చినప్పుడు ఆయనను కాపాడినది ఈ అలవాటే.

1733లో ఆయన మొదటి పుస్తకం వెలువడినది. అది తన శిష్యులకోసం కూర్చిన ఒక చిన్న ప్రార్థనల సంపుటి. వారంలో ప్రతిరోజుకూ ఉదయసాయంకాలాల ప్రార్థనలు అందులో ఉన్నాయి. తండ్రి శామ్యూల్ దానికి పూర్తిగా భిన్నమైన దారిలో నడిచారు. ఆయన జీవితకాలమంతా శ్రమించి యోబు గ్రంథంపై లాటిన్ భాషలో ఒక మహాగ్రంథం రాశారు. చందాదారుల ధనంతో, రాణి కరోలిన్‌కు అంకితంగా, ఆయన గతించిన తరువాత అది వెలుగు చూసింది. దానిని చదవగలిగినవారు కొద్దిమంది పండితులే. కుమారుడు తండ్రి పాండిత్యాన్ని గౌరవించారు. దారి మాత్రం మార్చుకొన్నారు.

వినిన పుస్తకం

1735లో అన్నదమ్ములిద్దరూ అమెరికాలోని జార్జియా వలసకు ఓడనెక్కారు. ప్రయాణంలో తోటి జర్మను భక్తుల కీర్తనలకు ముగ్ధుడై జాన్ వారి భాష నేర్చుకొన్నారు. 1737లో చార్ల్స్‌టన్ నగరంలో లూయిస్ తిమోతి అనే ముద్రాపకుని చేత ఒక కీర్తనల పుస్తకం అచ్చు వేయించారు. అంతకుమించి అక్కడ ఆయనకు ఏదీ కలిసిరాలేదు. వలసవాసులతో వైరం ఏర్పడి, వ్యాజ్యాలు ఎదురై, 1738 ఆరంభంలో నిరాశతో స్వదేశం చేరారు. ఇతరులకు బోధించబోయిన తనకే విశ్వాసం చాలదని ఆయన కుమిలిపోయారు.

1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న సమావేశానికి అయిష్టంగానే వెళ్లారు. అక్కడ ఒకరు మార్టిన్ లూథర్ రెండు శతాబ్దాలనాడు రాసిన ఒక పీఠికను బిగ్గరగా చదువుతున్నారు. అది వింటుండగా ఆయన హృదయంలో ఏదో వెచ్చనిది కదిలింది. దైవానుగ్రహం తనకూ ఉన్నదన్న నిశ్చయం కలిగింది. మెథడిస్టులు ఆ రోజును నేటికీ స్మరించుకొంటారు. ఒక్క విషయం గమనించండి. ఆయనను మేల్కొలిపినది ఎదుట ఉన్న గురువు కాదు. ఏనాడో గతించిన ఒక రచయిత అక్షరం మరొకరి గొంతులో పలికింది. గ్రంథం గురువు కాగలదన్నది ఆయనకు ఆ సాయంత్రం స్వానుభవమైనది.

ఫిరంగుల కొలిమిలో పుస్తకాల గది

1739 వసంతంలో బ్రిస్టల్ నగరం వెలుపల ఆయన బయలుమైదానంలో నిలబడి ప్రసంగించారు. చర్చి గోడలమధ్య తప్ప దైవప్రసంగం తగదని పెరిగిన మనిషికి అది చిన్న సాహసం కాదు. వినడానికి వచ్చినవారు కింగ్స్‌వుడ్ బొగ్గుగనుల కూలీలు. చాలా చర్చిలు ఆయనకు తలుపులు మూశాయి, మైదానాలు తెరుచుకొన్నాయి.

అదే సంవత్సరం లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ వద్ద పాడుపడిన ఒక కట్టడాన్ని ఆయన కొన్నారు. అది ఒకప్పటి ప్రభుత్వ ఫిరంగుల కార్ఖానా. 1716లో పేలుడు సంభవించిన తరువాత దానిని వదిలిపెట్టారు. దానిని బాగుచేసి ప్రార్థనామందిరం, పిల్లల బడి, ఉచిత మందుల కేంద్రం, వడ్డీలేని చేబదుళ్ల నిధి ఏర్పాటు చేశారు. వాటితోపాటు ఒక పుస్తకాల గది కూడా వెలిసింది. మెథడిస్టు ప్రచురణ చరిత్రకు ఆ గదే గర్భగుడి. ఆయుధాలు పోతపోసిన చోటినుంచి అక్షరాలు బయలుదేరాయి.

ఆ కాలంలో వ్యవసాయ కూలీకి రోజుకు ఒక షిల్లింగు అటూఇటూ దొరికేది. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. మంచి గ్రంథం కొనాలంటే కొన్ని దినాల కూలి కావాలి. అందుచేత పుస్తకం శ్రీమంతుల బీరువాలో ఉండేది. వెస్లీ దీనిని తలకిందులు చేశారు. పెద్ద గ్రంథాలను కుదించి చిన్నవి చేశారు. జాన్ బన్యన్ రాసిన యాత్రికుని కథను 1743లో అలాగే సంక్షిప్తం చేశారు. చేతిలో ఇమిడే పరిమాణం, సామాన్యమైన కాగితం, తేలికైన మాటలు ఆయన పుస్తకాల గుర్తులు. పెన్నీకి దొరికే చిన్నపుస్తకాలు ఎన్నో ఉండేవి. తాగుబోతుకు ఒక మాట, దొంగరవాణా చేసేవానికి ఒక మాట, మరణశిక్ష పడినవానికి ఒక మాట అన్న తీరున ఒకటి రెండు కాగితాల కరపత్రాలు రాసి ఉచితంగా పంచారు.

ఆయన రాసినవి మతగ్రంథాలు మాత్రమే కాదు. వైద్యుని పిలిచే స్తోమత లేనివారికోసం 1747లో ఒక గృహవైద్య గ్రంథం ప్రచురించారు. ఆయన జీవితకాలంలోనే అది 23 ముద్రణలు పొందింది. అందులోని చిట్కాలు పెక్కింటిని నేటి వైద్యశాస్త్రం అంగీకరించదు. అయినా బీదవాని దేహంకూడా ఒక పుస్తకానికి అర్హమని తలచిన తీరు గమనార్హం. 1753లో కఠినపదాలకు ఒక నిఘంటువు తెచ్చారు. శామ్యూల్ జాన్సన్ మహానిఘంటువు కంటె అది రెండేళ్లు ముందు. తాను నెలకొల్పిన కింగ్స్‌వుడ్ పాఠశాల పిల్లలకు ఇంగ్లీషు, ఫ్రెంచి, లాటిన్, గ్రీకు, హీబ్రూ వ్యాకరణాలు రాశారు. తమ్ముడు చార్లెస్ వేలకొద్దీ కీర్తనలు రచించగా, వాటినుంచి ఏరికూర్చి 1780లో 525 కీర్తనల సంపుటి వెలువరించారు. అన్నదమ్ముల ప్రచురణలు మొత్తం 400కు పైగా లెక్కకు వచ్చాయి.

గుర్రపు జీనుసంచిలో గ్రంథాలయం

రాసినంత మాత్రాన పుస్తకం పాఠకుని చేరదు. వెస్లీకి దుకాణాలు లేవు, సంచారకులైన ప్రసంగీకులు ఉన్నారు. వారు చాలామంది చేతివృత్తులవారు. చెప్పులు కుట్టినవారు, రొట్టెలు కాల్చినవారు, తాపీపని చేసినవారు. ఒక్కొక్కరికి ఒక మండలం ఉండేది. గుర్రంమీద ఊరూరా తిరుగుతూ ప్రసంగించాలి. జీనుకు కట్టిన సంచిలో పుస్తకాలు ఉండాలి. ప్రతి మండలపు పెద్ద పుస్తకాల లెక్క చూసి, అమ్మినదానికి డబ్బు లండన్‌కు పంపాలి, కొనలేని బీదవానికి ఊరకే ఇవ్వాలి. 1753లో పుస్తకాల వ్యవహారానికి ప్రత్యేకంగా నిర్వాహకులను నియమించారు.

అమ్మేవాడు చదవకుండా అమ్మడాన్ని ఆయన ఒప్పుకోలేదు. ప్రసంగీకులు రోజుకు కనీసం ఐదు గంటలు అధ్యయనం చేయాలని నియమం. చదువుపై రుచి లేదన్నవానికి ఆయన ఇచ్చిన సమాధానం కఠినమైనది. అలవాటుతో రుచి తెచ్చుకోవాలి, లేదా పూర్వపు వృత్తికి తిరిగి వెళ్లాలి. పుస్తకాలు లేవన్నవానికి మాత్రం కరుణ చూపారు. చదివినకొద్దీ ఐదు పౌన్ల విలువగల పుస్తకాలు తానే ఇస్తానని మాట ఇచ్చారు. తాను గుర్రంమీద పోతూ కళ్లెం వదులుగా పట్టి పుస్తకం చదివేవారు. ఆయన జీవితకాలంలో సుమారు రెండున్నర లక్షల మైళ్లు ప్రయాణించి, నలభైవేల ప్రసంగాలు చేశారని చరిత్రకారుల అంచనా.

నష్టాలు, దోషాలు

మహనీయుల కథ చెప్పేటప్పుడు దోషాలను దాచిపెడితే అది చరిత్ర కాదు. వెస్లీకి నష్టాలూ వచ్చాయి, నిందలూ వచ్చాయి.

1749 నుంచి 1755 వరకు ఆయన క్రైస్తవ గ్రంథాలయం అనే పేరుతో 50 సంపుటాల మహామాలను ప్రచురించారు. పూర్వాచార్యుల గ్రంథాలనుంచి సారాన్ని ఏరి సామాన్యులకు అందించాలని సంకల్పం. బ్రిస్టల్‌లో ఫెలిక్స్ ఫార్లీ ముద్రించారు. సంపుటాలు ఆశించినంతగా అమ్ముడుపోలేదు. మాల పూర్తికాకముందే 200 పౌన్లకు పైగా నష్టం వచ్చింది. పైగా ఆయన కొట్టివేసిన భాగాలు కొన్ని ముద్రాపకుని పొరపాటువల్ల అచ్చులో నిలిచిపోయాయి. ఏళ్ల తరువాత ప్రత్యర్థులు ఆ భాగాలనే ఎత్తిచూపి ఆయనపై వాదానికి దిగారు. అయినా మధ్యలో ఆపక, యాభయ్యవ సంపుటం దాకా తెచ్చారు.

రెండవది అంతకంటె గంభీరమైనది. 1744లో ప్రచురించిన ఒక పద్యసంకలనంలో ఎడ్వర్డ్ యంగ్ కవి రచనను చేర్చారు. దాని ముద్రణ హక్కు రాబర్ట్ డాడ్స్లీ అనే పుస్తకవ్యాపారిది. ఆయన అభ్యంతరం చెప్పగా వెస్లీ పరిహారం చెల్లించుకోవలసి వచ్చింది. 1775లో అమెరికా వలసల తిరుగుబాటును ఖండిస్తూ ఒక చిన్నపుస్తకం రాశారు. శామ్యూల్ జాన్సన్ రచనలోని భాగాలను మూలకర్త పేరు చెప్పకనే అందులో వాడుకొన్నారు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది, గ్రంథచౌర్యమన్న నిందకూడా అంతే విపరీతంగా వచ్చింది. జాన్సన్ కోపగించలేదు గాని లోకం ఊరుకోలేదు.

బీదలకు అందాలన్న తొందరలో ఇతరుల సొత్తు ఎక్కడ మొదలవుతుందో ఆయన కొన్నిసార్లు చూడలేదు. సదుద్దేశం ఉన్నంత మాత్రాన సాధనంలోని దోషం తొలగిపోదు. ఇది ధార్మిక గ్రంథాలు అచ్చువేసే ప్రతివారికీ, అనుమతి లేకుండా ఒకరి వ్యాఖ్యానాన్ని మరొకరు వాడుకొనే మనకూ వర్తించే మాటే.

అచ్చుతప్పుల విషయంలో మాత్రం ఆయన నిప్పులాంటివారు. 1778 జనవరిలో ఆర్మీనియన్ మ్యాగజైన్ అనే మాసపత్రిక ప్రారంభించారు. భక్తుల జీవితాలు, లేఖలు, కీర్తనలు, సిద్ధాంతచర్చలు అందులో ఉండేవి. దాని ముద్రణను పర్యవేక్షిస్తూ ప్రతులు దిద్దేవారు థామస్ ఆలివర్స్. ఒకప్పుడు చెప్పులు కుట్టి జీవించి, తరువాత కీర్తనకారుడిగా పేరొందిన భక్తుడు ఆయన. పత్రికలో తప్పులు దొర్లుతూనే ఉండడం, తన అనుమతిలేని రచనలు చేరడం సహించలేక 1789లో వెస్లీ ఆ పాతమిత్రుని ఆ పనినుంచి తప్పించారు. స్నేహం వేరు, అక్షరం పట్ల బాధ్యత వేరు అని ఆయన తీర్పు.

ఐదు పౌన్ల అప్పు

జేమ్స్ లాకింగ్టన్ అనే ఒక యువకుని కథ ఇక్కడ చెప్పాలి. చెప్పులు కుట్టే వృత్తివాడు, మెథడిస్టు ప్రసంగాలు విని చదువుపై మక్కువ పెంచుకొన్నవాడు. లండన్ చేరి పాతపుస్తకాల చిన్న దుకాణం పెట్టాడు. వెస్లీ నెలకొల్పిన వడ్డీలేని నిధినుంచి ఐదు పౌన్లు అప్పు దొరికింది. ఆ ఐదు పౌన్లే విత్తనం. అరువు లేదు, బేరం లేదు, తక్కువ లాభానికి ఎక్కువ అమ్మకం అన్న సూత్రంతో అతడు కొన్నేళ్లలోనే లండన్‌లోకెల్ల పెద్ద పుస్తకవర్తకులలో ఒకడయ్యాడు.

ధనం రాగానే అతడు భక్తిని వదిలాడు. 1791లో ప్రచురించిన ఆత్మకథలో మెథడిస్టులను ఎగతాళి చేశాడు. తరువాత పశ్చాత్తాపం కలిగింది. 1804లో మరో పుస్తకం రాసి తన తప్పును ఒప్పుకొన్నాడు, తన ధనంతో ప్రార్థనామందిరాలు కట్టించాడు. ఒకే నిధి, ఒకే వ్యాపారం. ఒకరికి అది ఐశ్వర్యానికి మెట్టు, మరొకరికి సేవకు మార్గం. పుస్తకంలో దోషం లేదు, వర్తకంలోనూ దోషం లేదు. లాభం ఏ చేతిలో ఆగిపోతుందన్నదే ప్రశ్న.

నాలుగు వెండిచెంచాలు

ఇప్పుడు మన మొదటి సందేహానికి రండి. పెన్నీ పుస్తకాలు లక్షలుగా అమ్ముడుపోతే లాభం రాక మానదు. తాను కోరకుండానే, తనకు తెలియకుండానే ధనవంతుడనయ్యానని వెస్లీ ఒక ప్రసంగంలో ఆశ్చర్యపోతూ చెప్పుకొన్నారు. ఆ ధనాన్ని ఆయన ఏమి చేశారు?

ధర్మమార్గంలో ఎంత గడించగలిగితే అంత గడించాలి, ఎంత పొదుపు చేయగలిగితే అంత పొదుపు చేయాలి, ఎంత ఇవ్వగలిగితే అంత ఇవ్వాలి అన్నది ఆయన ధనసూత్రం. మొదటి రెండూ లోకంలో అందరికీ నచ్చాయి, మూడవది కొందరికే నచ్చింది అని వృద్ధాప్యంలో ఆయన బాధపడ్డారు. తాను మాత్రం మూడింటినీ పాటించారు. బీదల మందులకు, బడులకు, వితంతువుల ఆశ్రయానికి, చలికాలపు దుస్తులకు పుస్తకాల లాభం ఖర్చయ్యేది. 80 ఏళ్లు దాటిన తరువాతకూడా, 1785 జనవరిలో, కరిగిన మంచులో చీలమండలు మునిగేలా లండన్ వీధుల్లో ఐదు రోజులు నడిచి బీదల దుస్తులకోసం 200 పౌన్లు యాచించారు.

1776లో ప్రభుత్వపు పన్నుల అధికారులు వెండిసామగ్రి లెక్క చెప్పమని ఆయనకు తాఖీదు పంపారు. ఇంత పేరున్నవాని ఇంట వెండి దాచి ఉంటారని వారి అనుమానం. లండన్‌లో రెండు, బ్రిస్టల్‌లో రెండు, మొత్తం నాలుగు వెండి చెంచాలు తనకు ఉన్నాయని ఆయన సమాధానం పంపారు. చుట్టూ ఇంతమందికి రొట్టె కరవై ఉండగా ఇంకా కొనబోనని కూడా తెలియజేశారు. తాను పది పౌన్లు మిగిల్చి చనిపోతే లోకం తనను దొంగ అని పిలవవచ్చునని తొలినాళ్లలోనే రాసిపెట్టారు. 1790 జూలైలో వణుకుతున్న చేతితో తన జమాఖర్చుల పుస్తకాన్ని ముగించారు. పొదుపు చేయగలిగినది చేస్తున్నాను, ఇవ్వగలిగినది ఇస్తున్నాను, ఇక లెక్కలు రాయనక్కరలేదన్న భావంతో ఆ పుస్తకాన్ని మూశారు.

చివరి పుస్తకం

1774లో బానిసవ్యాపారాన్ని ఖండిస్తూ ఆయన ఒక చిన్నగ్రంథం ప్రచురించారు. ఆనాటి ఇంగ్లండు సంపదలో పెద్దభాగం ఆ పాపపు వర్తకంనుంచి వచ్చేది. ఆయన తరచు నివసించిన బ్రిస్టల్ నగరమే ఆ వర్తకానికి ఒక ముఖ్యమైన రేవు. అక్కడే నిలబడి దానిని పాపమనడానికి ధైర్యం కావాలి.

1791 ఫిబ్రవరి చివరి వారం. ఆయనకు 87 ఏళ్లు. దేహం కుంగిపోయింది. అప్పటికీ చేతిలో పుస్తకం ఉన్నది. అది బానిసత్వాన్ని అనుభవించిన ఒక ఆఫ్రికావాసి రచన. అది చదివిన మనస్తాపంతో ఫిబ్రవరి 24న పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్‌కు లేఖ రాశారు. బానిసత్వాన్ని అంతం చేసే పోరాటంలో అలసిపోవద్దని ప్రోత్సహించారు. ఆయన రాసిన చివరి లేఖగా దానిని చెబుతారు. మార్చి 2న లండన్‌లో కన్నుమూశారు. బ్రిటిషు బానిసవ్యాపారాన్ని 1807లో చట్టం నిషేధించింది.

ఆయన వీలునామా చదివితే మనసు ద్రవిస్తుంది. శవాన్ని మోయడానికి బండి వద్దు, ఆడంబరం వద్దు. ఆరుగురు బీదవారు మోయాలి. వారికి ఆరు పౌన్లు పంచాలి. పుస్తకాల నిల్వలను, వాటి వ్యాపారాన్ని బంధువులకు ఇవ్వలేదు. తమ్ముడు చార్లెస్ కుటుంబానికి వార్షికభృతి ఏర్పాటుచేసి, మిగిలినదంతా మెథడిస్టు ప్రసంగీకుల మహాసభకు ధర్మకర్తల ద్వారా అప్పగించారు. మార్చి 9 తెల్లవారుజామున, జనం గుమిగూడకముందే, సిటీ రోడ్డులోని మందిరం వెనుక సమాధి చేశారు.

వటవృక్షం

వెస్లీ జీవించి ఉండగానే, 1789లో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ డికిన్స్ అనే ప్రసంగీకుడు మెథడిస్టు ప్రచురణశాల ప్రారంభించారు. మూలధనం ఆయన సొంతంగా అప్పుగా ఇచ్చిన సుమారు 600 డాలర్లు. తొలిప్రచురణ, పూర్వకాలపు సన్యాసి థామస్ ఎ కెంపిస్ గ్రంథానికి వెస్లీ చేసిన సంక్షిప్తం. అక్కడకూడా గుర్రపు జీనుసంచులే దుకాణాలు. లాభాన్ని వృద్ధులై అలసిన ప్రసంగీకులకు, వారి వితంతువులకు, అనాథలైన వారి పిల్లలకు మళ్లించాలని తరువాత నియమం చేశారు. ఆ సంస్థ వారసత్వమే నేటి యునైటెడ్ మెథడిస్టు పబ్లిషింగ్ హౌస్. ఇంగ్లండులోని పుస్తకాల గది 20వ శతాబ్దంలో ఎప్‌వర్త్ ప్రెస్ అన్న పేరుతో గ్రంథాలు వెలువరించింది. ఏ ఊళ్లో ఒక ఇంటితోపాటు పుస్తకాలన్నీ కాలిపోయాయో, ఆ ఊరిపేరే పుస్తకాల పేరయినది.

ఆస్తిక మహాశయులారా! ధర్మానికి వెల కట్టవచ్చునా అన్న ప్రశ్నకు వెస్లీ వాదంతో సమాధానం చెప్పలేదు, జమాఖర్చులతో చెప్పారు. కాగితానికి వెల కట్టారు, కొనలేనివానికి ఆ వెలనూ మాఫీ చేశారు, వచ్చిన లాభాన్ని తన చేతిలో ఆగనివ్వలేదు. ఆయన మార్గం వేరు, మన మార్గం వేరు. కానీ ఈ ఆదివారం మీ పూజామందిరంలోని ఆ చిన్నపుస్తకాన్ని చేతిలోకి తీసుకొన్నప్పుడు దానిని అచ్చువేసినవారిని, తప్పులు దిద్దినవారిని, మోసుకొని వచ్చినవారిని ఒకసారి తలచుకోండి. చదవడం పూర్తయితే, కొనలేని ఇంటి బిడ్డ ఎవరైనా మీ వీధిలో ఉన్నారేమో చూసి, అటువంటిదే ఒక ప్రతిని వారి చేతిలో పెట్టండి.